తుడవని గడి

ఏ రోజు పని ఆ రోజు గడిలో రాసుకునే మా గోడమీది ప్లానర్ నిండా పిట్టల బొమ్మలు. రాసింది తుడిచి మళ్లీ రాసుకోవచ్చు కనుక ఏళ్ల తరబడి అదే వాడుతున్నాం. పనినుంచి వచ్చినవాళ్లు ముందు ఆ రోజు గడిని తడిగుడ్డతో తుడవాలి. అది మా ఆవిడ పెట్టిన పద్ధతి.

ఈ రోజు గడిలో, లకుముకి పిట్ట పక్కన, మా అమ్మాయి రాత ఇంకా ఉంది: "పెద్ద టవర్ అద్దాలు." తాడుకు వేలాడుతూ అద్దాలు తుడిచే పనిలో దానికిది మొదటి రోజు. చీకటి పడింది. గాలి లేచింది. ఫోన్ ఎత్తడం లేదు.

"ఈ గాలికి తాడు ఊగితే?" అన్నాను.

"ఊగనివ్వండి. ఉయ్యాల పిచ్చి మీ పోలికే," అని నవ్వింది మా ఆవిడ. "కాస్త కూర్చోండి, నేల అరిగిపోతోంది."

నేను రిటైరయ్యేదాకా ఆ తాడుమీదే బతికాను. ఒక్కనాడూ భయపడలేదు. ఇప్పుడు నేలమీద ఉండి కూడా కిటికీకీ తలుపుకూ మధ్య తిరుగుతున్నాను. ఈవిడకు చీమ కుట్టినట్టయినా లేదు.

"నీది గుండెనా, బండరాయా?" అని అరిచాను.

అంతలో తలుపు తెరుచుకుంది.

"ఫోన్ లాకర్లో పెట్టించారు నాన్నా, అక్కడే మరిచిపోయాను. పైగా బస్సు తప్పిపోయింది. అమ్మా, గుడ్డేదీ?"

మా ఆవిడ పిడికిలి విప్పింది. గుడ్డ అందులోనే ఉంది, ఉండలా నలిగిపోయి.

అమ్మాయి దాన్ని తడపడానికి కుళాయి వైపు వెళ్లబోయి ఆగింది. "ఇది తడిగానే ఉందే!" మా ఆవిడ అరచేతి చెమటను కొంగుకు తుడుచుకుంది.

నేను పనినుంచి వచ్చినప్పుడు నాకూ రోజూ తడిగుడ్డే అందించేది. కుళాయి నీళ్లనుకున్నాను.