ఎనిమిదో తీగ

"ఈ తీగ ఎవరిది?"

నిచ్చెన మీద నుంచే అరిచింది వినార్సి. స్తంభానికి బిగించిన నల్ల పెట్టె మూత తెరిచి ఉంది. ఆ పెట్టెలో నుంచి వీధిలోని ఏడు ఇళ్ళకు ఆమె నడిపే ఇంటర్నెట్ వెళ్తుంది. ఎనిమిదో రంధ్రం ఖాళీగా ఉండాలి. కానీ అందులోనూ ఒక తీగ గుచ్చి ఉంది.

కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డ వస్కితో అనే పనికుర్రాడు తల ఎత్తలేదు. "పాతదేమో అక్కా. వదిలెయ్, నేను చూస్తాలే."

"పాతదైతే ఇలా మెరుస్తుందా? దీని మీద దుమ్ము కూడా లేదు."

ఆ తీగ వీధి దాటి, చెరకు తోట మీదుగా, అవతల కొత్తగా కట్టిన కాలనీ వైపు వెళ్ళింది. ఆ కాలనీలో వినార్సి నెట్ తీసుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు.

కొన్నాళ్ళుగా ఊరంతా ఆమెను తిడుతోంది. పిల్లల పాఠాలు మధ్యలో ఆగిపోతున్నాయని ఒకరు, కాన్పుల నర్సమ్మ పంపే రిపోర్టులు కదలడం లేదని ఇంకొకరు. ఆ రోజు పొద్దున రెండిళ్ళవాళ్ళు వేరే కంపెనీని పిలిపించుకున్నారు. ఇంకొందరు పోతే దుకాణం మూసుకోవడమే. కారణం ఏమిటో మధ్యాహ్నం ఇంట్లో నెట్ పంచే మెషిన్ ముందు కూర్చుంటే తెలిసింది. పేరు లేని కనెక్షన్ ఒకటి అందరికంటే ముందు తన వాటా లాగేసుకుంటోంది. అది తాగగా మిగిలిందే ఊరికి.

ఎదురు కొట్టులో అరటికాయ ముక్కలు వేయిస్తున్న తుకినెం గరిటె పైకెత్తింది. "దొంగ దొరికాడా వినార్సీ?"

"తీగ దొరికింది పిన్నీ. దొంగని వెతుక్కుంటూ నేను పోవడమెందుకు? ఇది లాగేస్తే ఎవరింట్లో నెట్ పోతుందో వాళ్ళే పరిగెత్తుకొస్తారు."

"లాగకు అక్కా!" వస్కితో కేక పెట్టాడు.

ఆమె లాగేసింది.

కిందికి దిగేసరికి వస్కితో పక్కకు తిరిగి ఫోన్ చేస్తున్నాడు. అవతల ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు.

"ఎవరికి?"

"ఎవరికీ లేదు."

"నా వైపు చూసి చెప్పు. పెట్టెలో తీగ గుచ్చినంత మాత్రాన నెట్ రాదు. మా ఇంట్లో ఉన్న మెషిన్ దాన్ని ఒప్పుకోవాలి. దాని పాస్‌వర్డ్ ముగ్గురికే తెలుసు. నాకు, మా ఆయనకి, నీకు. నేను చెయ్యలేదు. ఆయన సామాను కొనడానికి సురబయ పట్నం వెళ్ళాడు, అయినా సొంత నెట్‌ని ఎవడైనా దొంగిలించుకుంటాడా? ఇంక మిగిలిందెవరు?"

వస్కితో మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

"నేనే అక్కా."

వినార్సి ఎదురు కొట్టు ముందున్న బల్ల మీద కూలబడింది. తీగలోని వెంట్రుకంత గాజుపోగును తెగకుండా అతికించడం వీడికి చెయ్యి పట్టి నేర్పింది తను. పండక్కి ఇంటిల్లిపాదికీ ఒకే తాను గుడ్డ తీసి కుట్టించినప్పుడు వీడికీ చొక్కా కుట్టించింది.

"ఎవరికి అమ్ముకున్నావురా?"

"అమ్ముకోలేదు."

"మరి ఊరికే ఇచ్చావా?"

"అడుగు, అడుగు," అంది తుకినెం మూకుడు దించుతూ. "ఆ కాలనీలో ఏ పిల్లో కన్నుగీటి ఉంటుంది. కుర్రాడు తీగ వేసేశాడు!"

వస్కితో చెవులు ఎర్రబడ్డాయి. వినార్సికి అంతా అర్థమైపోయినట్టే అనిపించింది. "ఆ మాట నాతో చెప్పి ఉంటే నేనే వెళ్ళి సంబంధం మాట్లాడేదాన్ని కదరా! నా కడుపు కొట్టి దానికి కానుకలిస్తావా?"

"అది కాదక్కా..."

"నోర్ముయ్. తాళాలు, బెల్టు అక్కడ పెట్టు. రేపటి నుంచి నా గడప తొక్కకు."

అతను తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. నడుముకున్న బెల్టు విప్పి దాని పక్కన పెట్టాడు. కానీ వెళ్ళలేదు.

"పోతాను. ఆ తీగ మాత్రం మళ్ళీ గుచ్చెయ్ అక్కా. నీ కాళ్ళు పట్టుకుంటా. ఇప్పుడే."

"నా ముందు నిలబడి ఇంకా దాని గురించే ఏడుస్తున్నావా?"

"నీ గురించే ఏడుస్తున్నా."

"ఏడిశావులే!"

చెరకు తోట పక్క మట్టిదారిలో స్కూటర్ వస్తోంది. వస్కితో రెండడుగులు ముందుకు వేసి, వెనక్కి వెళ్ళిపొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. నడుపుతున్న అమ్మాయి అది చూసి తిరిగి చెయ్యి ఊపి, నవ్వుతూ వచ్చి నిచ్చెన పక్కనే ఆపింది. ఆమె కాళ్ళ ముందు ఏడాది వయసు పాప నిలబడి ఉంది. అమ్మాయి వేలికి కొత్త పెళ్ళి ఉంగరం.

'పెళ్ళయిన పిల్ల కోసమా ఇంత పని చేశాడు!' వినార్సికి ఒళ్ళు మండిపోయింది.

"ఇక్కడే ఉన్నావా వస్కితో? మా ఇంట్లో నెట్ పోయింది, చూడు," అంది ఆ అమ్మాయి. తర్వాత వినార్సి చేతికంటిన మసి, భుజాన ఉన్న తీగ చుట్ట చూసి, "మీరూ నెట్ వాళ్ళేనా అక్కా?" అంది.

"నెట్ వాళ్ళమే. మీకు లైను వేసింది వీడేనా?"

"అవును. పాపం, ఎండలో ఒక్కడే వేశాడు."

"ఒక్కడే వేశాడు, బాగుంది. దానికి వీడికి ఏమిచ్చుకుంటున్నారమ్మా?"

వస్కితో కళ్ళు మూసుకున్నాడు.

"ఇచ్చుకోవడమేంటక్కా!" ఆ అమ్మాయి పకపకా నవ్వింది. "ఈ ఊరి నెట్ అంతా మా ఆయనదే కదా. తిని పడుకున్నారు, ఎందుకు లేపడమని నేనే వచ్చాను. మీరు పనిలో కొత్తగా చేరారా?"