బాగ్దాద్ మీదికి బిస్కెట్లు

రాంగోపాల్‌పేట్‌లో ఆ ఇంటికి పెళ్లిచూపులకు వెళ్లడమంటే పరీక్షకు వెళ్లడమేనని జకర్యాకు ముందే చెప్పారు.

షరతు రోసమ్మ టీచర్‌ది. హైస్కూల్లో సోషల్ పాఠాలు చెబుతుంది. మధ్యయుగ ప్రపంచం గురించి నాలుగు ముక్కలు తెలియని మగవాడితో కాపురం కుదరదని ఖరాఖండిగా చెప్పేసింది. ప్రశ్నలు అడిగే పని మాత్రం ఆవిడ కూతురు దేవకృపది. డిగ్రీలో చరిత్రే చదివింది. మొహమాటం బొత్తిగా లేని పిల్ల.

అంతకుముందు వచ్చిన బ్యాంకు ఆఫీసరు కాన్‌స్టాంటినోపుల్ అంటే జ్వరం మాత్ర అనుకున్నాడు. ఇంకొకాయన, "పోయినవాళ్ల సంగతులు మనకెందుకండీ?" అన్నాడు. ఇద్దరూ టీ పూర్తిగా తాగకుండానే వెళ్లాల్సి వచ్చింది.

జకర్యా బేగంపేట నుంచి స్కూటర్ మీద వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కత్తిరించిన మీసం. తోడుగా ఇంటి నుంచి రిచర్డ్ ఒక్కడే వచ్చాడు. మెట్లెక్కుతూ రిచర్డ్ బతిమాలాడు.

"అడిగినదానికే జవాబు చెప్పండి. పాఠం మొదలుపెట్టకండి."

"పెట్టనులే."

హాల్లో దేవకృప ఎదురుగా కూర్చుంది. పక్కన పై వాటా ఖాసింబీ. దూరదర్శన్‌లో ఆదివారం సినిమా వదులుకుని మరీ వచ్చింది. రోసమ్మ టీచర్ వంటింట్లో ఉంది. కర్టెన్ వెనక పోపు చిటపటలాడుతోంది. బల్ల మీద టీ, మిక్స్చర్, ఉస్మానియా బిస్కెట్లు.

"అడగనా?" అంది దేవకృప.

"అడుగమ్మా," అనేశాడు జకర్యా. బడిపంతులు అలవాటు. రిచర్డ్ దగ్గాడు.

"పదో శతాబ్దంలో మీకు నచ్చిన ఊళ్లో కాపురం పెట్టమంటే ఎక్కడ పెడతారు?"

జకర్యా కళ్లు వెలిగాయి. రిచర్డ్ కళ్లు మూసుకున్నాడు.

"బాగ్దాద్‌లో! వీధి పొడుగునా పుస్తకాల కొట్లే. కాదు, కార్డోబాలో. రాత్రిపూట వీధుల్లో దీపాలు పెట్టేవారు. ఉండండి, చైనాలో కైఫెంగ్ ఉంది కదా! అక్కడ తిండికి లోటుండదు..."

"జెర ఆగుండ్రి సార్," అంది ఖాసింబీ. "ఒక్క కాపురానికి ఎన్ని ఇండ్లు మారుస్తరు? సామాను మోసేటోళ్లు పరేషాన్ అయితరు!"

దేవకృప నవ్వు ఆపుకుంది. తర్వాతి ప్రశ్న అసలైనది.

"ఆ కాలంలో ఏ మతంవాళ్లు గొప్పవాళ్లు?"

ఖాసింబీ కొంగు సర్దుకుంది. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

జకర్యా సోఫా దిగి నేల మీద కూర్చున్నాడు. టీ కప్పు తీసి ఎదురుగా పెట్టుకున్నాడు.

"ఇది బాగ్దాద్. ఖలీఫాకు గ్రీకు పుస్తకాలు చదవాలని ముచ్చట. వాటిని అరబ్బీలోకి మార్చింది ఎవరు? ఎక్కువమంది క్రైస్తవులు. రాసుకున్న కాగితం చైనావాళ్ల విద్య. లెక్కలు కట్టిన అంకెలు మన దేశానివి. ఇందులో గొప్పవాళ్లెవరో నువ్వే చెప్పమ్మా!"

"ఖలీఫా మనోడే కదా," అంది ఖాసింబీ సంబరంగా.

"మనోడే!" అన్నాడు జకర్యా అంతకంటే సంబరంగా.

ఇక ఆయన్ని ఆపేవాళ్లు లేరు. మిక్స్చర్ ప్లేటు కాన్‌స్టాంటినోపుల్ అయింది. ఉస్మానియా బిస్కెట్లు మంగోలులయ్యాయి. ఒకదాని వెనక ఒకటి బారులు తీరి, సోఫా కింద నుంచి బాగ్దాద్ మీదికి దండెత్తాయి. దేవకృప కూడా నేల మీదికి దిగి, పల్లీలను క్రూసేడర్లుగా నడిపించింది. బిస్కెట్ తగిలి కప్పు ఒరిగిపోయింది. టీ జకర్యా ప్యాంటు మీదుగా పారింది.

"ఇదిగో టైగ్రిస్ నది!" అని అరిచాడు.

రిచర్డ్ తల పట్టుకున్నాడు.

"చూడండి, ఈ కాన్‌స్టాంటినోపుల్ గోడలున్నాయే! వెయ్యేళ్లు ఎవరికీ లొంగలేదు. తురుష్కులు ఫిరంగులు తెచ్చేదాకా..."

కర్టెన్ పక్కకు జరిగింది. గరిటె పట్టుకున్న చెయ్యి ఒకటి బయటికి వచ్చి పైకి లేచింది.

"మరి 1204?" అంది కర్టెన్ వెనక గొంతు. "క్రూసేడర్లు గోడెక్కలేదా? సాటి క్రైస్తవులే ఊరిని దోచుకోలేదా?"

జకర్యా నాలుక కరుచుకున్నాడు. బిస్కెట్ చేతిలోనే ఉండిపోయింది. అయిపోయింది, ఇక స్కూటర్ ఎక్కడమే అనుకున్నాడు రిచర్డ్.

"తప్పే టీచర్ గారూ," అన్నాడు జకర్యా. "ఉత్సాహంలో మర్చిపోయాను. అయితే నాదీ ఒక ప్రశ్న. అక్కడి నుంచి వాళ్లు ఎత్తుకుపోయిన కంచు గుర్రాలు..."

"వెనిస్!"

ప్రశ్న పూర్తి కాకుండానే జవాబొచ్చింది. ఆ వెంటనే కర్టెన్ వెనక నుంచి నవ్వు వినిపించింది. ముందు సన్నగా, తర్వాత ఆపుకోలేనంతగా. నేల మీద తడి ప్యాంటుతో జకర్యా కూడా నవ్వాడు. పోపు మాడిన వాసన హాలంతా నిండింది. ఎవరూ లేవలేదు. తండ్రి తడి ప్యాంటు సంగతి రిచర్డ్ కూడా మర్చిపోయాడు.

"యా అల్లా," అంది ఖాసింబీ. "ఆ నవ్వు విని ఎన్నేండ్లయిందో!"

దేవకృప చీరకు అంటిన బిస్కెట్ పొడి దులుపుకుని, వంటింటి దగ్గరికి పరుగెత్తి కర్టెన్ మొత్తం లాగేసింది.

"నాకు నచ్చాడమ్మా, ఇక పెళ్లికూతురివి నువ్వొచ్చి కూర్చో!"