ఎండకెక్కే బుట్ట

ఇవాళ బుట్ట పైకి కదల్లేదు.

కైరోలో మా సందు ఇరుకు. నేనుండే కింది వాటాకి ఎండ చుట్టపుచూపుగానైనా రాదు. టమాటా మొక్కకేమో పూటంతా ఎండ కావాలట, అదేదో పాషాగారి బిడ్డయినట్టు! అందుకే రోజూ పొద్దున్నే నేతిడబ్బాలోని నా మొక్కని, ఐదో అంతస్తు ఇన్షిరాహ్ దించే తాటాకు బుట్టలో పెడతాను. మోకాళ్ళు పట్టేసి మెట్లు దిగలేని ఆ ఒంటరి మహారాణి తాడు లాగి, తన బాల్కనీ ఎండలో పెడుతుంది. సాయంత్రం దించుతుంది.

“కాయలెప్పుడే? నా శవం లేచాకా?” అని పైనుంచి అరుస్తుంది.

“నీ దిష్టి తగలకుంటే ఈపాటికి గంపెడు కాసేది!” అని కిందనుంచి నేను.

ఇవాళ తాడు ఎంత ఊపినా తిట్టు కూడా రాలేదు. ఐదంతస్తులూ పరుగున ఎక్కి తలుపు బాదాను.

జుట్టు ముడేసుకుంటూ తెరిచింది. “కాస్త కునుకు పట్టిందే. ఒక్కపూట ఎండ లేకపోతే నీ మొక్క చస్తుందా?”

“చావదా అక్కా?” అంటూ గుమ్మంలోనే కూలబడ్డాను.

మొక్క చచ్చి నెల దాటింది. రోజూ ఆ ఎండుపుల్లని పైకి లాగి, నీళ్ళు కూడా పోసి దించేది ఆవిడే.