మూతలో మూడు చుక్కలు

"మళ్లీ తగలడ్డాడా ఆ పీడ?"

కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి, టిక్‌టిక్ తాత గుమ్మం వైపు గుడ్లురిమాడు.

"మెల్లగా మావయ్యా, వినిపిస్తుంది," అంది కోడలు.

"వినిపించనీ! వినాలనే అంటున్నా."

గళ్ల చొక్కా ఆయన లోపలికి వచ్చాడు. మూడు వారాల్లో ఇది మూడోసారి. కొనడు, అమ్మడు, పేరైనా చెప్పడు. నీలం ముళ్ల జేబు గడియారం ఒక్కటీ చూపించమంటాడు. వెనక మూత తీయించుకుని, లోపల వేలితో తడిమి, తిరిగి ఇచ్చేస్తాడు.

నలభై ఏళ్లు వాచీలు బాగుచేసిన తాత, నూట పన్నెండు జేబు గడియారాలు కూడబెట్టాడు. దొంగల భయంతో, అదేదో మహా తెలివి అనుకుని, అన్నింటినీ విడదీశాడు. పైనుండే వెండి కేసులు బీరువాలో, లోపలి మిషన్లు మందుల డబ్బాల్లో. ఏది దేనిదో ఎక్కడా రాయలేదు. నీలం ముళ్లది మాత్రం బల్ల మీద నిక్షేపంగా నడుస్తూ ఉంటుంది.

"ఇవాళా అదేనా? చూడండి, చూడండి. అరిగిపోతుందేమో!"

గళ్ల చొక్కా నవ్వలేదు. "ఇది మీకెలా దొరికిందో ఇంకోసారి చెప్తారా?"

తాత కోపం కాస్త దిగింది. ఆ కథ చెప్పడమంటే ఆయనకు పండగే.

"కేసు వెండి కొట్లో, కరిగించబోతుంటే చిక్కింది. మిషను పాతసామాను బండిలో, తుప్పు మేకుల మధ్య. రెండూ ఒకదానివేనని తేల్చడానికి నాకు రెండేళ్లు పట్టింది! ఇంత వస్తువును తూకానికి అమ్ముకున్నాడు, ఏ దద్దమ్మో!"

"అవునండీ. దద్దమ్మే."

ఆయన గడియారం బల్ల మీద పెట్టి, మందుల డబ్బాల వైపు చూశాడు.

"మాస్టారూ, మీ తర్వాత ఏ మిషను ఏ కేసుదో ఎవరికి తెలుస్తుంది?"

తాతకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఓహో, అదా సంగతి! నేనెప్పుడు పోతానా, వీటినెప్పుడు ఎగరేసుకుపోదామా అని కాచుక్కూర్చున్నావన్నమాట!"

"కాదండీ. రాసిపెట్టండి, అంతే. కనీసం మీ కోడలుగారికైనా..."

"నా ఇంట్లో నాకే బుద్ధులు చెప్తావా? లే! బయటికి నడు!"

గళ్ల చొక్కా సంచిలోంచి లావుపాటి నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టి లేచాడు. తాత దాన్ని ఆయన వెనకాలే వీధిలోకి విసిరేశాడు.

కోడలు వెళ్లి దుమ్ము దులిపి తెచ్చింది.

"పాపం, ఆయనేమన్నాడని మావయ్యా అంత కోపం?"

"నీకు తెలీదులే!"

నిజమే, ఆమెకు తెలియదు. నెల కిందట తాత ఒక కేసు తీసి, దాని మిషను ఏదో గుర్తురాక పొద్దంతా వెతికాడు. ఇప్పటికీ తేలలేదు. భయమేసి ఎవరికీ చెప్పలేదు. ఆ మనిషి సరిగ్గా ఆ పుండునే కెలికాడు.

తర్వాతి వారం గళ్ల చొక్కా రాలేదు. ఆ పై వారమూ లేదు.

"పీడ వదిలింది," అన్నాడు తాత, గుమ్మం వైపే చూస్తూ.

ఆ రోజే ఇంకో రెండు కేసులకు జత గుర్తురాలేదు. తన మీద తనకే ఒళ్లు మండి, చేతిలోని డబ్బా నేలకేసి కొట్టాడు. చిన్న చిన్న చక్రాలు గదంతా దొర్లాయి.

కోడలు ఒక్కొక్కటీ ఏరింది. ఆ నోటుపుస్తకం, పెన్ను తెచ్చి ఎదురుగా కూర్చుంది.

"గుర్తున్నవి చెప్పండి మావయ్యా. నేను రాస్తాను."

పుస్తకం తెరిచి ఆగిపోయింది. "మొదటి పేజీ ఎవరో రాసేశారే!"

"చదువు."

"'నీలం ముళ్ల గడియారం. మూత లోపల అంచున మూడు చుక్కలు.'"

తాత గబగబా మూత తీసి భూతద్దం పెట్టాడు. ఇన్నేళ్లూ ఎవరో పెట్టిన రిపేరు గుర్తులనుకున్నాడు వాటిని.

"'పిల్లలు పుట్టినప్పుడల్లా మా నాన్న సూదితో పెట్టినవి. మూడో చుక్క నేను.'"

"అడ్రసుందా? ఫోన్ నంబరు? చూడమ్మా, త్వరగా చూడు!"

కోడలు పేజీ తిప్పింది. అవేవీ లేవు. ఒక్క వాక్యమే ఉంది.

"'ఆయన ఏదీ రాసిపెట్టలేదు, ఆయన పోయాక అన్నీ తూకానికి అమ్మేసిన ఆ దద్దమ్మను నేనే.'"