ఏడో ఫొటో

పద్నాలుగేళ్ళ కాపురంలో "తప్పు నాదే" అన్న మాట ఆవిడ ఆ ఇంట్లో ఒక్కసారి కూడా వినలేదు. పాలు పొంగితే తప్పు స్టవ్వుది, బస్సు వెళ్ళిపోతే తప్పు బస్సుది. భర్తగారు మటుకు పుట్టినప్పటి నుంచీ నిర్దోషి. ఇవాళ సాయంత్రంలోగా ఆ మాట ఆయన నోటితోనే పలికించాలని ఆవిడ కంకణం కట్టుకుంది.

గొడవంతా కార్డుల గురించి. రెక్కలున్న తొండలు, నిప్పులు కక్కే పిల్లులు, మూడు తలల చేపలు ఉన్న బొమ్మ కార్డులు. ఆయన వాటిని ఎక్కడికో పంపుతారు. అక్కడివాళ్ళు భూతద్దం పెట్టి చూసి, పదికి ఇన్ని అని మార్కులేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బీలో సీలు చేసి తిప్పి పంపుతారు. ఏ కార్డుకైనా తొమ్మిదిన్నర వస్తే ఆయన ఆ రోజు ఆకలి మర్చిపోతారు. ఆవిడ వండే కూరకి మాత్రం ఇంతవరకూ ఏడు దాటలేదు.

అంత చదువు చదివిన కార్డుల్ని తీసుకెళ్ళి బీరువాలో, ఒక నల్ల గుడ్డ కింద దాస్తారు. చుట్టాలొచ్చినా చూపించరు. ఎవరికీ కనబడకపోతే అవి ఉన్నట్టా లేనట్టా అని ఆవిడ అడిగితే, కనబడితేనే లేకుండా పోతాయంటారు.

నిన్న ఆయన ఆఫీసుకెళ్ళాక, ఆవిడ ఫోన్లో కార్డుల వాళ్ళ గ్రూపులో చేరి ఒకే ఒక్క ఫొటో పెట్టింది. సాయంత్రానికి మూడొందల మంది మెచ్చుకున్నారు. ఒకాయన ఏ వీధిలో ఉంటారని మర్యాదగా అడిగితే, మర్యాదగానే చెప్పింది. సారు ఇంట్లో ఎప్పుడుంటారని అడిగితే అదీ చెప్పింది. పాపం, కార్డుల గురించి మాట్లాడుకోవడానికి అనుకుంది.

ఇవాళ ఇంకో ఏడు తీద్దామని బల్ల మీద పేర్చుకునేసరికి వాన మొదలైంది. వీధి తలుపు దగ్గరగా వేసి డాబా మీదికి పరుగెత్తి, కాస్త తడిసిన బట్టల్ని తెచ్చి కిటికీ పక్క కుర్చీలో పడేసింది. నల్ల గుడ్డతో బల్ల తుడిచి, మసిగుడ్డగా పనికొస్తుందని వంటింట్లోకి విసిరింది. కిటికీ వెలుతురుకి మొహం పెట్టి, తలుపుకి వీపు పెట్టి కూర్చుని, ఏడు కార్డులకీ వరసగా ఏడు ఫొటోలు తీసి గ్రూపులో పెట్టింది. ఇంట్లో చప్పుడు లేదు. బట్టల్లోంచి కాబోలు, నీటి చుక్కలు మాత్రం నేల మీద పడుతున్నాయి. టప్... టప్...

కాసేపట్లో మెప్పులు రావడం మొదలైంది. అద్భుతమని ఒకరు, అదృష్టమని ఒకరు. ఆ తర్వాత ఎవరో పెద్దాయన రాశాడు: "అమ్మా, ఏడో ఫొటోలో మీ వెనక నించున్నాయన్ని కాస్త పక్కకి జరగమనండి. ఆయన కార్డు మీద పడుతున్నాడు."

ఆవిడ నవ్వుకుంది. ఇంట్లో తను తప్ప పిట్ట కూడా లేదు. ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చూసింది. ప్లాస్టిక్ మెరుపులో, చేప మూడో తల పక్కన, పొడుగ్గా నల్లగా ఒక ఆకారం. ఆరో ఫొటోలో అదే, కాస్త చిన్నగా. ఐదోదాంట్లో ఇంకా చిన్నగా, తలుపు పక్కన. మొదటిదాంట్లో తలుపు ఒక్కటే ఉంది.

ఫోన్ని గబుక్కున బల్ల మీద బోర్లా పెట్టేసింది. మరుక్షణం తనని తనే కేకలేసుకుంది. తలుపు పక్క కొక్కేనికి ఆయన వాన కోటు ఉంటుందిగా, నల్లది, మోకాళ్ళ కిందిదాకా. కార్డు పట్టుకున్న వాటాన్ని బట్టి ఒకసారి పెద్దగా పడుతుంది, ఒకసారి అసలు పడదు. డిగ్రీలో ఫిజిక్స్ చదివిన మనిషి కోటుని చూసి జడుసుకోవడమేమిటి?

ఫోను మోగింది. ఆయనే.

"గ్రూపులో ఆ ఫొటోలు పెట్టింది నువ్వేనా?"

"నేనే. ఊరంతా మెచ్చుకుంటోంది. ఇప్పటికైనా ఒప్పుకోండి, దాచిపెట్టడం మీ తప్పేనని."

"నల్ల గుడ్డేదీ?"

"వంటింట్లో."

అవతల ఆయన తల బాదుకున్నంత పని చేశారు. ఆ గుడ్డ కార్డుల మీద కప్పేది కాదట. ఫొటో తీసేటప్పుడు వీపు వెనక వేలాడదీసేదట. ఆ ప్లాస్టిక్ అద్దంతో సమానమట, గుడ్డ కట్టకపోతే గదిలో ఉన్నదంతా అందులో పడుతుందట.

"పడితే పడనివ్వండి," అంది ఆవిడ. "గదిలో ఏముంది, మీ వాన కోటు తప్ప? దాన్ని చూసి పాపం ఎవరో మనిషనుకున్నారు."

ఫోన్లో ఆయన వెనక వాన జోరుగా వినబడుతోంది.

"కోటు నా ఒంటి మీదుంది," అన్నారాయన మెల్లిగా.

ఆవిడ తల తిప్పలేదు. ఏడో కార్డుని చేతిలోకి తీసుకుని కొంచెం పైకెత్తింది. ప్లాస్టిక్ నిండా నలుపు. చేప ఎక్కడుందో కూడా కనబడటం లేదు. కిటికీ పక్క కుర్చీలో బట్టలు ఎదురుగానే ఉన్నాయి, వాటి కింద నేల పొడిగా ఉంది. చుక్కలు పడుతున్నది వెనక.

టప్.

పద్నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ అనని మాట, చెవి పక్కనే వినబడింది.

"తప్పు నాదేనమ్మా. ఐదో ఫొటో తీస్తున్నప్పుడే పక్కకి తప్పుకోవాల్సింది."