పోత మీద వేలిగుర్తు

మనీషా పోయిన రోజు, ఇంటి ముందు షామియానా వేయడానికి అడ్డమొస్తోందని ఆమె కారును నలుగురు కలిసి పక్కకు నెట్టారు. పాత ఫియట్ అది. మనీషా దాని పైకప్పు కోసి కిందికి దించింది, ఇంజను అందరికీ కనబడాలని బానెట్ తీసేసింది. ఆ ఇంజను పైభాగానికి మాత్రం ప్లాస్టిక్ కాగితం కట్టి ఉంది. అక్కడ బిగించాల్సిన అల్యూమినియం మూత ఇంట్లో ఆమె బల్ల మీదే ఉండిపోయింది.

దినాలు అయ్యాక మనీషా తండ్రి హరిప్రసాద్ ఆ మూతను తువ్వాలులో చుట్టుకుని శంషాబాద్‌లో బస్సెక్కాడు. మైలార్‌దేవ్‌పల్లిలో బర్కత్‌కు లోహపు సామాన్లు కడిగి మెరుగు పెట్టే షెడ్డు ఉంది. విమానాశ్రయంలో సామాన్ల బండ్లు బాగుచేసే డ్యూటీ దిగాక మనీషా నేరుగా అక్కడికే పోయేది. బర్కత్ మూతను రెండు చేతులతో అందుకున్నాడు. ముందు నూనె, మురికి కడగాలని, ఏ మెరుగు పెట్టాలో వచ్చే ఆదివారం చెప్పమని అన్నాడు.

ఇది ఐదో ఆదివారం.

హరిప్రసాద్ ఇరవై ఆరేళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నాడు. ఈ ఒక్కటి ఆయనకు తేలడం లేదు. ఆ మూత అచ్చును మనీషా థర్మాకోల్‌తో చెక్కింది. దాన్ని ఇసుకలో పాతి, కరిగిన అల్యూమినియం పోయించింది. థర్మాకోల్ కాలిపోయి ఆ చోటనే లోహం నిలిచింది. ఒక అచ్చుకు ఒకటే పోత. చెక్కేటప్పుడు ఒక మూల ఆమె బొటనవేలు నొక్కుకుంది. ఆ గుంట లోహంలోకీ వచ్చింది. హరిప్రసాద్ వేలు అందులో పట్టదు.

బర్కత్ నమూనాకు నాలుగు అల్యూమినియం ముక్కలు బల్ల మీద పెట్టాడు. ఒకటి బఫింగ్ చేసింది, అద్దంలా ఉంది. ఒకటి గాలితో ఇసుక కొట్టింది, బూడిదరంగు. మూడోది నీలం రంగు పట్టించింది. నాలుగోది నల్లటి పౌడర్ కోటింగ్.

"బఫింగ్ చేస్తే ఆ గుంట పోతదా?" అన్నాడు హరిప్రసాద్. ప్రతి వారం అడిగే మాటే.

"పోతది సార్. చక్రం మీద పెడితే పై పొర అరుగుతది. ఇసుక కొడితే అంచులు మొద్దుబారుతయి. పౌడర్ వేస్తే నిండిపోతది. రంగంటరా, పోత సామానుకు మరకలు మరకలు పడ్తది. బిటియా ఒప్పుకోదు."

బర్కత్ మనీషాను బిటియా అనే పిలిచేవాడు. 'ఒప్పుకునేది కాదు' అనలేదు. హరిప్రసాద్ అది గమనించాడు.

మనీషాకు అద్దంలాంటి మెరుగే కావాలి. "బాపు, వంగి చూస్తే నీ మొహం నీకు కనవడాలె," అనేది. కూతురి మాట నిలబెడితే కూతురి వేలు పోతుంది.

మూత బిగిస్తే తప్ప ఇంజను నడపడం కుదరదని మెకానిక్ శంకరయ్య చెప్పాడు. బజారులో దొరికే రేకు మూత వేద్దామని కూడా అన్నాడు. హరిప్రసాద్ భార్య కవిత ఒప్పుకోలేదు. బిడ్డ చేసినదానితోనే ఆ బండి చప్పుడు ఒక్కసారి వినాలని ఆమె కోరిక. ప్రతి ఆదివారం తేలిందా అని అడిగేది. ఇవాళ అడగలేదు.

"ఒక్కసారి చూపియ్యి బర్కత్. చేతుల పట్టుకుంటే తేలుతదేమో."

"లోపల భద్రం చేసిన సార్. ఊకె ముట్టుకుంటే చెమట తగిలి మచ్చలు పడ్తయి. మీరు ఖరారు చేయున్రి, అప్పుడు తీస్త."

హరిప్రసాద్ పట్టుబట్టలేదు. చూడాలని ఎంత ఉందో, చూడలేనేమోనన్న భయమూ అంతే ఉంది.

బర్కత్ భార్య రఫియా చాయ్ తెచ్చింది. గ్లాసు అందించి అక్కడే నిలబడింది. "సార్, ఈయన అన్నం సరిగ్గ తింటలేడు. మీకు ఒక మాట..."

"రఫియా, బిస్కట్లు తేపో."

ఆమె భర్త వంక చూసి లోపలికి పోయింది.

"నా పరేషాన్ మీ ఇంటిదాకా తెచ్చిన," అన్నాడు హరిప్రసాద్.

బర్కత్ తల అడ్డంగా ఊపి, తీగ బ్రష్షుతో గీరిన ఐదో ముక్క తీశాడు. ఇది కూడా చూడమన్నాడు. నచ్చకపోతే వచ్చే వారానికి ఇంకో రకం చేసిపెడతానన్నాడు. తొందరేం లేదన్నాడు. దినాల నాటి నుంచి అందరూ హరిప్రసాద్‌ను తొందరపెట్టేవాళ్లే. బడికి రమ్మని ఒకరు, బండి అమ్మేయమని ఒకరు, గుండె రాయి చేసుకోమని ఇంకొకరు.

ఒక విమానం కిందుగా దిగుతూ పోయింది. ఆ మోత తగ్గేదాకా హరిప్రసాద్ ముక్కల వైపే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత అయిదింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి పక్కకు జరిపాడు.

"ఏ మెరుగూ వద్దు బర్కత్. పోత పోసినప్పుడు ఎట్లుందో అట్లనే ఇచ్చెయ్. దాని మాట తప్పిన. ఏం జేస్త."

బర్కత్ ఆ ముక్కల్ని మళ్లీ విడివిడిగా పరిచాడు.

"ఇయ్యాల్నే తీస్కపోత."

"ఇయ్యాల గాదు సార్."

"చేసేది ఏం లేదు గదా?"

"జర తుడవాలె. వచ్చే ఆదివారం రాండ్రి."

హరిప్రసాద్ సరేనన్నాడు. లేచి బర్కత్ చెయ్యి పట్టుకున్నాడు. "నన్ను తొందరపెట్టనిది నువ్వొక్కడివే. నీ దగ్గర పెట్టినందుకే నాకు ధైర్యం."

బర్కత్ బస్సు దాకా వచ్చాడు. ఏదో అనబోయినట్టు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. బస్సు కదిలాక హరిప్రసాద్ ఇంటికి ఫోన్ చేశాడు. తేలిందని, వచ్చే ఆదివారం ఇంజను మోగుతుందని చెప్పాడు. అవతల కవిత చాలా రోజుల తర్వాత బిగ్గరగా ఏడ్చింది. ఆయన కిటికీలోంచి వెనక్కి చూశాడు. బర్కత్ ఇంకా రోడ్డు పక్కనే నిలబడి ఉన్నాడు.

మొదటి వారమే, కడగడానికి వేసిన కాస్టిక్ సోడా తొట్టిలో ఆ మూత పూర్తిగా కరిగిపోయిందని బర్కత్ ఇంకా చెప్పలేదు.