గోడ వయసు

"నిచ్చెన గట్టిగా పట్టుకో. నేను పడ్డానంటే నేనూ చరిత్రలో కలిసిపోతాను."

"కలిస్తే కలిశారు గానీ, నా చెంచా వంకరపోకుండా చూడండి," అంది కింద నుంచి భార్య.

పఠనాలయం దూలం పక్కన ఆయన ఆ చెంచాతో గోడ సున్నం గీకుతుంటే, అదంతా రాలి ఆవిడ జుట్టు తెల్లబడిపోతోంది. ఆయనకి విలేకరితనం ఉద్యోగం, చరిత్ర పిచ్చి. ఆదివారం అనుబంధంలో ఊరి పాత సంగతులు రాసి రాసి 'పాత పేపరు' అని పేరు పడిపోయింది. ఎదురుగా అలా పిలిచినా పలికేవాడు.

ఈ పఠనాలయమంటే ఆయనకి ప్రాణం. తొలి వార్త రాసింది ఇక్కడి బల్ల మీదే. తనని చూసి ఆవిడ మొదటిసారి నవ్వింది ఈ కిటికీ పక్కనే. దీన్ని పడగొట్టి దుకాణాలు కట్టాలని పురపాలక సంఘం కన్నేసిన దగ్గర్నుంచీ ఆయన రాయని రాత లేదు, ఎక్కని గడప లేదు. అక్కడి ఇంజినీరు ఎప్పుడూ నిలబెట్టే మాట్లాడి పంపేవాడు.

అలాంటిది మొన్న తనే ఫోన్ చేశాడు.

"గురువుగారూ, పఠనాలయానికి వందేళ్లు దాటాయని రుజువు చూపించండి చాలు. మీరు రాశాక ఇంకెవడూ నోరెత్తడు. మిగతాది నేను చూసుకుంటాను."

పఠనాలయం కార్యదర్శి మాత్రం ఇది నిండా అరవై ఏళ్లు లేని కట్టడమని ఊరంతా చాటుతున్నాడు. దుకాణాలవాళ్లకి అమ్ముడుపోయాడని తేల్చేసి, ఆయనతో మాటలు మానేశాడు పాత పేపరు. ఇవాళ కూడా కార్యదర్శి భోజనానికి వెళ్లిన వేళ చూసే నిచ్చెన వేశాడు.

"దొరికిందోయ్!"

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, తనూ రెండు మెట్లెక్కి చూసింది. ఇటుక మీద బట్టీవాడి ముద్ర, దాని కింద సంవత్సరం.

"మా తాత పుట్టకముందుది!" అన్నాడాయన.

గోడని అరచేత్తో తట్టింది ఆవిడ. "అయినా మీకంటే గట్టిగానే ఉంది."

ఆదివారం వ్యాసం ఫొటోతో సహా అచ్చయింది. 'అరవై అంటున్న పెద్దమనుషులు కళ్లు తెరవాలి' అని కార్యదర్శికి ఒక చురక కూడా అంటించాడు. మర్నాడు ఇద్దరూ పెళ్లికి వెళ్తున్నట్టు తయారై పురపాలక కార్యాలయానికి వెళ్లారు.

ఇంజినీరు లేచి నిలబడ్డాడు. కుర్చీలు వేయించాడు. "అమ్మగారికి చక్కెర ఎక్కువ వెయ్యి," అని టీ కూడా తెప్పించాడు. ఆవిడ భర్త మోచేతిని మెల్లగా గిల్లింది, చూశారా మీ గొప్ప అన్నట్టు.

ఇంజినీరు ముందుకు జరిపిన కాగితంలో 'రుజువు ఇచ్చినవారు' అన్నచోట ఆయన మెలికలు తిప్పి సంతకం పెట్టాడు.

"బతికించారు గురువుగారూ! అరవై, అరవై అంటూ ఆ కార్యదర్శి కాళ్లకి అడ్డం పడిపోతున్నాడనుకోండి."

"అమ్ముడుపోయాడండీ."

"అబ్బే, అమాయకుడు. ఆ భవనమంటే పడిచస్తాడు. కొత్త ఉత్తర్వు చూసి భయపడ్డాడంతే."

పాత పేపరు చేతిలో టీ కప్పు ఆగింది. "ఏ ఉత్తర్వు?"

"మీ పత్రికల దాకా ఇంకా రాలేదా?" ఇంజినీరు కాగితం మీద ముద్ర గుద్దాడు. "వందేళ్లు దాటినవి కూల్చేయమని."